పిప్పిపన్ను నుంచి కట్టుడు పన్ను వరకు: ఖరగ్‌పూర్ తెలుగువారికి దంత పునరుద్ధరణ చికిత్సల పరిచయం

ఖరగ్‌పూర్: పంటి పోటు రాత్రిపూటే ఎక్కువవుతుంది. పడుకున్నప్పుడు తలవైపు రక్తపు ఒత్తిడి పెరిగి, అప్పటికే వాచి ఉన్న పంటి లోపలి కణజాలాన్ని మరింత నొక్కడం ఇందుకు ముఖ్య కారణం. నిద్ర లేని రాత్రి గడిచి తెల్లవారేసరికి చాలామంది ఒకే నిర్ణయానికి వస్తారు: పన్ను పీకించేస్తే పీడ విరగడవుతుంది. పీకడానికి పట్టేది కొన్ని నిమిషాలే. పీకిన తరువాత దవడ ఎముకలోను, పక్క పళ్ళలోను మొదలయ్యే మార్పులు మాత్రం ఏళ్ళ తరబడి సాగుతాయి. అందుకే ఆధునిక దంతవైద్యం పన్ను తీయడాన్ని చిట్టచివరి మార్గంగా పరిగణిస్తుంది. దెబ్బతిన్న పంటిని నిలబెట్టే చికిత్సలను, ఊడిన పంటి స్థానాన్ని భర్తీ చేసే చికిత్సలను కలిపి దంత పునరుద్ధరణ అంటారు.

పశ్చిమ బెంగాల్‌లోని పశ్చిమ మేదినీపూర్ జిల్లాకు చెందిన ఖరగ్‌పూర్‌లో ఈ విషయానికి ఒక ప్రత్యేకత ఉంది. హౌరాకు సుమారు 115 కిలోమీటర్ల దూరంలోని ఈ పట్టణం రైలుతో పుట్టి రైలుతో పెరిగింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 19వ శతాబ్ది చివర ఇక్కడికి చేరి, ఆ వెంటనే వర్క్‌షాపును నెలకొల్పింది. 1902లో తూర్పు తీర రైలుమార్గంలోని వాల్తేరు–కటక్ భాగం కూడా ఆ సంస్థ అధీనంలోకి రావడంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి కార్మికులు పెద్ద సంఖ్యలో ఇక్కడికి తరలివచ్చారు. మథురాకాటి, నింపురా వంటి రైల్వే కాలనీలలో నేటికీ తెలుగు వినిపిస్తుంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగును రాష్ట్ర అధికార భాషల జాబితాలో చేర్చాలని నిర్ణయించడానికి ఇక్కడి తెలుగువారి సంఖ్యే ప్రధాన కారణం.

ఈ కుటుంబాలలో చాలావాటికి రెండు ఊళ్ళుంటాయి. ఉద్యోగం, క్వార్టరు ఇక్కడ. ఇల్లు, పొలం, బంధువులు అక్కడ. సంక్రాంతికి, పెళ్ళిళ్ళకు, పదవీ విరమణ తరువాత శాశ్వతంగాను ప్రయాణాలు తప్పవు. పంటి చికిత్సలు మాత్రం ఒక్క రోజుతో ముగిసేవి కావు. ఇక్కడ మొదలై మధ్యలో ఆగిన చికిత్స వల్ల నష్టపోయే పళ్ళు, అసలు చికిత్సే లేక పోయే పళ్ళకు తీసిపోవు. ఏ చికిత్సకు ఎన్నిసార్లు వెళ్ళాలి, ఎక్కడ ఆపితే ప్రమాదం అనే సంగతి ముందే తెలిసి ఉండటం అందుకే అవసరం.

పన్ను ఎలా పాడవుతుంది

పంటి పైభాగాన్ని కప్పి ఉంచే పింగాణి పొర మానవ శరీరంలోకెల్లా గట్టి పదార్థం. బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. అయితే అందులో జీవకణాలు లేవు. విరిగిన ఎముక అతుక్కుంటుంది, తెగిన చర్మం మానుతుంది. పింగాణి పొరలో గుంట పడితే అది తిరిగి పూడదు. దాని కింద డెంటిన్ అనే మెత్తని పొర, దానికి లోపల నరాలు, రక్తనాళాలు ఉండే దంతమజ్జ ఉంటాయి.

నోటిలోని సూక్ష్మజీవులు చక్కెరను, పిండి పదార్థాలను ఆమ్లంగా మారుస్తాయి. పంటి ఉపరితలంపై ఆమ్లత 5.5 పీహెచ్ స్థాయికి దిగువకు చేరితే ఖనిజం కరగడం మొదలవుతుంది. లాలాజలం కొంతసేపటికి ఆ నష్టాన్ని పూరిస్తుంది. షిఫ్టు డ్యూటీలో గంటకొకసారి తీపి టీ తాగేవారి నోట లాలాజలానికి ఆ వ్యవధి దొరకదు. ఎంత చక్కెర తిన్నామన్నదానితో పాటు ఎన్నిసార్లు తిన్నామన్నదీ ముఖ్యమేనని చెప్పేది ఇందువల్లే.

మొదట తెల్లని మచ్చ, తరువాత గోధుమరంగు గుంట, ఆపైన చల్లనివి తగిలితే జివ్వుమనడం, చివరకు వేడి తగిలినా, ఏమీ తగలకపోయినా ఆగని పోటు. ఈ వరుసలో ఎంత ముందు వైద్యుని చేరితే చికిత్స అంత చిన్నది, చౌక. నోటి వ్యాధులు ప్రపంచంలో సుమారు 350 కోట్ల మందిని బాధిస్తున్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక పేర్కొంది. వాటిలో అత్యధికులకున్నది చికిత్స అందని పిప్పిపన్నే.

పిప్పి డెంటిన్ వరకే ఆగినప్పుడు

దంతమజ్జను తాకని గుంటకు ఫిల్లింగ్ సరిపోతుంది. కుళ్ళిన భాగాన్ని తొలగించి, ఖాళీని పూడ్చడమే ఇందులోని పని. ఒక్కసారి వెళితే చాలు.

వెనుకటి తరం వారి నోట కనిపించే వెండి రంగు ఫిల్లింగ్ పేరు అమాల్గం. దాని బరువులో సుమారు సగం పాదరసం, మిగిలినది వెండి, తగరం, రాగి. ఇది గట్టిది, చౌక, ఏళ్ళ తరబడి నిలుస్తుంది. పాదరసం పర్యావరణానికి చేసే హానిని దృష్టిలో ఉంచుకొని 2013లో కుదిరిన మినమాటా ఒప్పందం దీని వాడకాన్ని తగ్గించాలని కోరింది. ఐరోపా సమాఖ్య 2025 జనవరి నుంచి కొద్దిపాటి మినహాయింపులతో నిషేధించింది. అంతమాత్రాన నోటిలో చెక్కుచెదరకుండా ఉన్న పాత ఫిల్లింగ్‌ను భయంతో తీయించుకోవలసిన పని లేదు. తీసేటప్పుడే పాదరసం ఆవిరి ఎక్కువగా వెలువడుతుంది, మంచి పంటి భాగమూ కొంత పోతుంది.

ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది పంటి రంగులో ఉండే కాంపోజిట్. రెసిన్‌లో సన్నని గాజు రేణువులు కలిపిన ఈ ముద్దను నీలి కాంతితో గట్టిపరుస్తారు. అతికించేటప్పుడు పన్ను పొడిగా ఉండాలి. ఉమ్మి తడి తగిలితే పట్టు సడలుతుంది. మూడవది గ్లాస్ అయనోమర్. 1970ల ప్రారంభంలో బ్రిటన్‌లో వెలుగుచూసిన ఈ పదార్థం తడిని కొంత తట్టుకుంటుంది, ఫ్లోరైడ్‌ను కొద్దికొద్దిగా విడుదల చేస్తుంది. విద్యుత్తు, డ్రిల్లు లేనిచోట చేతి పనిముట్లతో పిప్పిని తొలిచి దీనితో పూడ్చే పద్ధతి 1980లలో టాంజానియాలో రూపుదిద్దుకుంది. పిల్లలకు, డ్రిల్లు శబ్దానికి భయపడేవారికి, మంచం దిగలేని వృద్ధులకు ఇది ఎంతో అనువైనది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గ్లాస్ అయనోమర్‌ను, పిప్పిని నిలువరించే సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ ద్రవాన్ని అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. ఆ ద్రవం పూసిన చోట పన్ను నల్లబడుతుంది. పాలపంటికి దానివల్ల పెద్ద ఇబ్బంది లేదు గాని, ముందు పళ్ళకు పూసే ముందు తల్లిదండ్రులకు ఆ విషయం చెప్పడం వైద్యుని బాధ్యత.

రూట్ కెనాల్: నొప్పి తగ్గడం చికిత్స ముగియడం కాదు

పిప్పి దంతమజ్జను చేరితే ఫిల్లింగ్‌తో లాభం లేదు. మాత్రలతోనూ లేదు. యాంటీబయాటిక్ మందు రక్తం ద్వారా చేరాలి. చచ్చుబడిన దంతమజ్జలో రక్తప్రసరణే ఉండదు. మందుల దుకాణంలో కొని మింగిన మాత్రలు వాపును కొన్నాళ్ళు అణచవచ్చు, మూలాన్ని తొలగించలేవు. ముఖం వాచి, జ్వరం, నోరు తెరవలేకపోవడం, మింగడంలోనో ఊపిరి తీయడంలోనో ఇబ్బంది కలిగితే మాత్రం అది క్లినిక్ తెరిచేదాకా వేచి ఉండే విషయం కాదు. వెంటనే ఆసుపత్రికి చేరాలి.

రూట్ కెనాల్ చికిత్సలో పంటిపై చిన్న రంధ్రం చేసి, దంతమజ్జను తొలగించి, వేళ్ళలోని సన్నని కాలువలను ఆకురాయి వంటి సూక్ష్మ పనిముట్లతో శుభ్రం చేస్తారు. కింది దవడ పంటికి సాధారణంగా రెండు వేళ్ళు, మూడు కాలువలు. పై దవడలోని మొదటి పెద్ద పంటికి మూడు వేళ్ళున్నా కాలువలు తరచుగా నాలుగు. ఆ నాలుగవది కంటికి అందకపోవడం వల్లనే కొన్ని చికిత్సలు విఫలమవుతాయి. సోడియం హైపోక్లోరైట్ ద్రావణంతో కడిగి, చివరకు గట్టాపర్చాతో కాలువలను పూడుస్తారు. మలయా ప్రాంతపు చెట్ల పాల నుంచి వచ్చే ఈ పదార్థంతోనే 19వ శతాబ్దిలో సముద్రగర్భ టెలిగ్రాఫ్ తీగలకు తొడుగు వేసేవారు. తంతి తీగలకు కాలం చెల్లింది. పంటి వేరులో గట్టాపర్చా స్థానం చెక్కుచెదరలేదు.

చికిత్సకు ఒకటి నుంచి మూడుసార్లు వెళ్ళవలసి వస్తుంది. మొదటిసారే దంతమజ్జను తీసివేస్తారు కనుక నొప్పి దాదాపు అప్పుడే పోతుంది. చిక్కు అక్కడే వస్తుంది. నొప్పి లేదు, పంటిలో తాత్కాలిక ఫిల్లింగ్ ఉంది, ఊరికి టికెట్టు సిద్ధంగా ఉంది. ‘పండుగ వెళ్ళాక చూద్దాం’ అనుకున్న వారాలు నెలలవుతాయి. తాత్కాలిక ఫిల్లింగ్ కొన్ని వారాలకు మించి ఉమ్మిని ఆపలేదు. అంచులు అరిగి సూక్ష్మజీవులు మళ్ళీ వేళ్ళలోకి చేరతాయి. నరం లేదు కనుక పన్ను హెచ్చరించదు. వేరు కొసన ఎముకలో చీము గూడు కట్టే వరకు రోగికి తెలియదు.

రెండవ పొరపాటు తొడుగు వేయించుకోకపోవడం. పిప్పి, చికిత్స కలిసి పంటి లోపలి భాగాన్ని చాలావరకు ఖాళీ చేస్తాయి. మిగిలిన గోడలు సన్నవి. ముందు పంటికి కొన్నిసార్లు ఫిల్లింగే సరిపోవచ్చు. నమిలే బరువంతా మోసే వెనుక పంటికి తొడుగు సాధారణంగా తప్పనిసరి. మేదినీపూర్ ప్రాంతంలో ఇంటింటా తినే ముడి, అంటే మరమరాలు, వాటిలో కలిపే వేయించిన శనగల్లో ఒక్క గట్టి గింజ చాలు పంటి గోడ విరగడానికి. చీలిక అడ్డంగా పైపైన వస్తే మరమ్మతు సాధ్యం. నిలువుగా వేరులోకి దిగితే పన్ను తీయక తప్పదు. అప్పటివరకు పెట్టిన ఖర్చంతా వృథా.

తొడుగు వేయడానికి పంటిని చుట్టూ కొంత అరగదీసి, అచ్చు తీసి, ప్రయోగశాలలో తయారు చేయించి అతికిస్తారు. సాధారణంగా రెండుసార్లు వెళ్ళాలి. పూర్తి లోహపు తొడుగు చౌక, దృఢం, కానీ రంగు లోహానిదే. లోహంపై పింగాణి పూసినది మధ్యస్థం. ఏళ్ళు గడిస్తే పూత పెచ్చులూడవచ్చు, చిగురు అంచున నల్లని గీత కనిపించవచ్చు. జిర్కోనియా తొడుగు రంగులోను, బలంలోను మెరుగైనది, ఖర్చూ ఎక్కువే. పైకి కనిపించని చివరి దవడ పంటికి ఖరీదైన రకమే కావాలని పట్టుబట్టనక్కరలేదు. తొడుగు కింద అంచు వద్ద మళ్ళీ పిప్పి పట్టగలదు కనుక, తొడుగు వేసిన పంటిని తోమనక్కరలేదన్న నమ్మకం తప్పు.

పన్ను ఊడిన చోట

ఒక పన్ను పోతే ఏమవుతుంది? ఖాళీకి వెనుకనున్న పన్ను ముందుకు ఒరుగుతుంది. ఎదుటి దవడలోని పన్నుకు ఆనిక లేక అది ఖాళీలోకి దిగుతుంది. పళ్ళ మధ్య సందులు ఏర్పడి ఆహారం ఇరుక్కుంటుంది. పంటి వేరును పట్టి ఉంచడమే పనిగా ఉన్న దవడ ఎముక, ఆ పని పోగానే కరగడం మొదలవుతుంది. మొదటి ఏడాదిలోనే ఆ చోట ఎముక వెడల్పు దాదాపు సగం వరకు తగ్గవచ్చు. అయిదేళ్ళ తరువాత పన్ను కట్టించుకోవాలనుకున్న వ్యక్తికి అప్పటికి చోటూ ఉండదు, ఎముకా ఉండదు. అన్ని ఖాళీలనూ పూడ్చాలన్న నియమం లేదు. జ్ఞానదంతం పోతే దాని స్థానంలో ఏదీ అవసరం లేదు. నమిలే పన్ను, ముందు పన్ను విషయంలో ఆలస్యం చేటు.

భర్తీకి మూడు దారులున్నాయి. మొదటిది బ్రిడ్జి. ఖాళీకి రెండు వైపులా ఉన్న పళ్ళను అరగదీసి, వాటిపై తొడుగులు వేసి, మధ్యలో పన్నును వంతెనలా నిలుపుతారు. రెండు మూడు వారాలలో పూర్తవుతుంది, తీసి పెట్టే పని ఉండదు. పక్క పళ్ళకు అప్పటికే తొడుగు అవసరమై ఉంటే ఇదే సరైన మార్గం. అవి ఏ లోపమూ లేని పళ్ళైతే ఒక పంటి కోసం రెండు మంచి పళ్ళను అరగదీయడం ఆలోచించదగిన విషయం. వంతెన కింద ప్రత్యేకమైన దారంతోనో, సన్నని బ్రష్షుతోనో రోజూ శుభ్రం చేయకపోతే ఆధారపు పళ్ళే పాడై మొత్తం కూలుతుంది.

రెండవది కట్టుడు పళ్ళు. కొన్ని పళ్ళు మిగిలి ఉంటే పాక్షికం, ఏవీ లేకపోతే పూర్తి సెట్టు. 19వ శతాబ్దిలో గట్టిపరచిన రబ్బరుతో చేసిన వీటిని 1930ల నుంచి ఎక్రిలిక్‌తో తయారు చేస్తున్నారు. అచ్చులు తీయడం, దవడల కలయికను కొలవడం, మైనంపై పళ్ళు అమర్చి నోట పెట్టి చూడటం, పూర్తయిన సెట్టు ఇవ్వడం, ఆ తరువాత ఒరుసుకున్న చోట సరిచేయడం వరకు నాలుగైదుసార్లు వెళ్ళాలి. చివరిది మానేసేవారే ఎక్కువ. పుండు పడిన చోట రెండు గీతలు అరగదీస్తే సరిపోయే సెట్టు, ఆ ఒక్క ప్రయాణం లేక బీరువాలో చేరుతుంది.

పై సెట్టు అంగిలిని ఆధారం చేసుకొని గట్టిగా నిలుస్తుంది. కింది సెట్టుకు ఆ వసతి లేదు, పైగా నాలుక కదుపుతూ ఉంటుంది. అది వదులుగా అనిపించడం ప్రతిసారీ తయారీ లోపం కాదు. ఎముక ఏటేటా తగ్గుతుంది కనుక కొన్నేళ్ళకొకసారి లోపలివైపు కొత్త పొర వేయించాలి. మొదటి వారంలో మెత్తటి అన్నం, పప్పు వంటివి చిన్న ముద్దలుగా, రెండు దవడలతోను ఒకేసారి నమలాలి. చేపలు తినే ఊళ్ళో మరొక జాగ్రత్త అవసరం. అంగిలిని కప్పి ఉంచే సెట్టు వల్ల ముల్లు తగిలినా తెలియదు. కట్టుడు పళ్ళవారు చేప ముల్లు మింగే ప్రమాదం ఎక్కువ. రాత్రి సెట్టును తీసి నీటిలో ఉంచాలి. మరిగే నీటిలో వేస్తే వంకర పోతుంది. పేస్టులోని గరుకు రేణువులు గీతలు పెడతాయి కనుక సబ్బు నీటితో మెత్తని బ్రష్షుతో కడగడం మేలు.

మూడవది ఇంప్లాంటు. 1952లో స్వీడన్ శాస్త్రవేత్త పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ కుందేలు ఎముకలో రక్తప్రసరణను పరిశీలించడానికి అమర్చిన టైటానియం పరికరం తిరిగి బయటకు రాలేదు. ఎముక దానిని తనలో కలుపుకుంది. 1965లో ఆయన ఇదే సూత్రంతో తొలి రోగికి దంత ఇంప్లాంట్లు అమర్చారు. దవడలో టైటానియం మరను బిగించి, ఎముక దానితో కలిసేందుకు సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు ఆగి, పైన తొడుగు వేస్తారు. పక్క పళ్ళను తాకనక్కరలేదు, ఎముక కరగడమూ తగ్గుతుంది. ఖర్చు మాత్రం మూడింటిలోనూ ఇదే అధికం. మామూలు ఆరోగ్య బీమా పాలసీలు ప్రమాదంలో పోయిన పళ్ళకు తప్ప దీనికి సాధారణంగా డబ్బు చెల్లించవు.

ఇంప్లాంటుకు పెద్ద వయసు అడ్డు కాదు. అదుపులో లేని మధుమేహం, పొగాకు అడ్డు. ఎముకల బలహీనతకు బిస్ఫాస్ఫనేట్ మందులు వాడుతున్నవారు, దవడకు రేడియేషన్ తీసుకున్నవారు ముందే వైద్యునికి చెప్పాలి. గుండె జబ్బుకు రక్తం పలచబరిచే మాత్రలు వాడేవారు పన్ను పని కోసం వాటిని సొంతంగా మానరాదు; మానితే వచ్చే ప్రమాదం చిగురు నుంచి కారే రక్తం కన్నా పెద్దది. పూర్తిగా పళ్ళు పోయి, కింది సెట్టు నిలవని వృద్ధులకు ఒక మధ్యేమార్గం ఉంది. కింది దవడలో రెండే ఇంప్లాంట్లు వేసి, వాటిపై గుండీలా బిగిసే సెట్టు చేయడం. పూర్తి స్థాయి ఇంప్లాంట్ల ఖర్చులో కొంత భాగానికే నమిలే శక్తి గణనీయంగా పెరుగుతుంది. ఈ ఎంపిక గురించి అడిగేవారు తక్కువ.

అంగిలిని కూడా చూడాలి

ఉత్తరాంధ్ర మూలాలున్న కుటుంబాలలో కట్టుడు పళ్ళకు ముందు ఒక పరీక్షను విస్మరించకూడదు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల గ్రామాలలో, ముఖ్యంగా స్త్రీలలో, చుట్టను వెలిగించిన కొసను నోటి లోపల ఉంచి కాల్చే అడ్డపొగ అలవాటు తరతరాలుగా ఉంది. 1960లలో టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన దంత పరిశోధన బృందం శ్రీకాకుళం జిల్లాలో సర్వే జరిపిన తరువాత ఈ అలవాటు అంతర్జాతీయ వైద్య సాహిత్యంలోకి ఎక్కింది. వేడి, పొగ నేరుగా తగిలే అంగిలి తెల్లగా మందమై, ఎర్రని చుక్కలు, పుండ్లు ఏర్పడతాయి. ఇతర చోట్ల అరుదైన అంగిలి క్యాన్సర్ ఇక్కడ కనిపించడానికి కారణం అదే. పెద్ద వయసులో కొడుకు వద్దకు ఖరగ్‌పూర్ వచ్చి ఉంటున్న తల్లికి పై సెట్టు కట్టించేటప్పుడు, ఆ అంగిలిని వైద్యుడు వెలుతురులో పరిశీలించాలి. సెట్టు కింద దాగిన పుండును ‘సెట్టు ఒరుసుకున్న పుండు’గా భావించి నెలలు గడపడం అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. రెండు మూడు వారాలలో మానని ఏ నోటి పుండునైనా, దానికి నొప్పి లేకపోయినా, పరీక్ష చేయించాలి. అలవాటు ఉన్న సంగతి సిగ్గుపడి దాచే విషయం కాదు. వైద్యుడు అడగకపోయినా కుటుంబసభ్యులు చెప్పాలి.

బెంగాల్, ఒడిశాలలో గుడాఖు, గుల్ వంటి పదార్థాలతో పళ్ళు రుద్దుకునే అలవాటు కూడా ఉంది. వీటిలో ఉండేది పొగాకే. పళ్ళపొడి కాదు.

క్యాన్సర్ శస్త్రచికిత్సలో పై దవడ భాగం తొలగించవలసి వచ్చినవారికీ పునరుద్ధరణ ఉంది. నోటికి, ముక్కుకు మధ్య ఏర్పడిన రంధ్రాన్ని మూసే ప్రత్యేకమైన కట్టుడు అంగిలిని దంతవైద్యంలోని ప్రాస్తోడాంటిక్స్ విభాగం తయారు చేస్తుంది. తాగిన నీరు ముక్కులోంచి రాకుండా, మాట స్పష్టంగా వచ్చేలా చేసేది ఈ పరికరమే. శస్త్రచికిత్సకు ముందే దంతవైద్యుడు అచ్చు తీస్తే ఫలితం మెరుగ్గా ఉంటుంది.

ఎక్కడికి వెళ్ళాలి

దేశంలో దంతవైద్య విద్య మొదలైనది ఖరగ్‌పూర్ నుంచి రైలులో రెండు మూడు గంటల దూరంలోనే. అమెరికాలోని అయోవాలో 1915లో పట్టా పొందిన డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో దంతవైద్య కళాశాలను స్థాపించారు. అదే నేటి డాక్టర్ ఆర్. అహ్మద్ దంతవైద్య కళాశాల, ఆసుపత్రి. ఆచార్య జగదీశ్ చంద్రబోస్ రోడ్డులో సియాల్దా స్టేషనుకు సమీపంలో ఉంది. 1964లో పద్మభూషణ్ అందుకున్న ఆయన జన్మదినమైన డిసెంబరు 24ను దంతవైద్యుల దినోత్సవంగా పాటిస్తున్నారు. ప్రభుత్వ కళాశాలలో ఖర్చు ప్రైవేటు క్లినిక్ కన్నా బాగా తక్కువ. వరుసలో నిలబడే సమయం, తిరగవలసిన రోజులు ఎక్కువ. తెలుగు రాష్ట్రాలకు వెళ్ళి చేయించుకోదలచినవారికి విజయవాడలోను, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోను ప్రభుత్వ దంతవైద్య కళాశాలలున్నాయి. రైల్వే ఉద్యోగులు, వైద్య పథకంలో చేరిన పింఛనుదారులు ముందుగా రైల్వే ఆసుపత్రిలో చూపించుకొని, ఏ చికిత్స అక్కడ జరుగుతుంది, దేనికి బయటకు పంపుతారు, దేని ఖర్చు వెనక్కి వస్తుంది అన్నది డబ్బు కట్టే ముందే తెలుసుకోవాలి. బయట చేయించుకున్న తరువాత బిల్లు పట్టుకొని వెళితే ఇబ్బందులు తప్పవు.

పట్టా లేనివారు చేసే పన్ను పని నేటికీ ఆగలేదు. బజారులో కూర్చొని గంటలో పన్ను కట్టి ఇచ్చేవారు ఎక్రిలిక్ ముద్దను నేరుగా చిగురుపై పోసి, పక్క పళ్ళకు తీగతో బిగిస్తారు. అది తీసి కడగడానికి రాదు. కింద ఆహారం కుళ్ళి, చిగురు వాచి, తీగ బిగించిన మంచి పళ్ళు కూడా కదులుతాయి. చరిత్రలో పట్టా లేని ప్రతివాడూ మోసగాడు కాదన్నది నిజమే. కలకత్తాలో హుబే ప్రాంతం నుంచి వచ్చిన చైనీయులు తండ్రి నుంచి కొడుకు నేర్చుకున్న పనితనంతో దంతవైద్యులుగా పేరు పొందారు. 1948లో దంతవైద్యుల చట్టం వచ్చినప్పుడు, అప్పటికే కొన్నేళ్ళుగా ఆ వృత్తిలో ఉన్న పట్టా లేనివారికి కూడా రిజిస్టరులో ప్రత్యేక భాగం కేటాయించారు. ఆ తరం ముగిసింది. ఇప్పుడు రిజిస్ట్రేషన్ సంఖ్య లేకుండా పన్ను ముట్టడం చట్టవిరుద్ధం. ఆ సంఖ్యను అడగడం రోగి హక్కు.

దెబ్బ తగిలి పన్ను ఊడితే

మైదానంలో బంతి తగిలో, మెట్లపై జారో శాశ్వత దంతం వేరుతో సహా ఊడివస్తే దానిని తిరిగి అమర్చవచ్చు. మహేంద్ర సింగ్ ధోని 2001 నుంచి 2003 వరకు టికెట్ ఎగ్జామినర్‌గా పనిచేస్తూ క్రికెట్ ఆడిన ఈ ఊళ్ళో పిల్లలు బంతితో ఆడని వీధి ఉండదు కనుక ఈ సంగతి ప్రతి ఇంటా తెలియాలి. పన్నును పైభాగం వద్దే పట్టుకోవాలి, వేరును తాకరాదు, రుద్దరాదు. మట్టి అంటితే పాలతోనో, మంచి నీటితోనో కొన్ని క్షణాలు కడిగి, వీలైతే వెంటనే దాని గుంటలో పెట్టి గుడ్డను మెల్లగా కొరికించాలి. వీలు కాకపోతే పాలలో వేసి దంతవైద్యుని వద్దకు పరుగెత్తాలి. అరగంట నుంచి గంట లోపల చేరితే నిలిచే అవకాశం ఎక్కువ. పాలపన్నును మాత్రం తిరిగి పెట్టరాదు. కింద ఎదుగుతున్న శాశ్వత దంతం దెబ్బతింటుంది.

ప్రయాణానికి ముందు

చికిత్స మధ్యలో ఊరు మారవలసి వచ్చినవారు వైద్యుని వద్ద ఏ దశలో ఉన్నారో రాయించుకోవాలి. రూట్ కెనాల్ అయితే ఎక్స్‌రేలు, ఏ కాలువ ఎంత పొడవని కొలిచారో ఆ వివరం, తాత్కాలిక ఫిల్లింగ్ పెట్టిన తేదీ అవసరం. రెండు మూడు వారాలలో తిరిగి రాలేమని ముందే తెలిస్తే ఆ విషయం చెప్పాలి; వైద్యుడు ఎక్కువ కాలం నిలిచే పదార్థంతో మూస్తాడు. బ్రిడ్జి కోసం పళ్ళు అరగదీసిన తరువాత తాత్కాలిక తొడుగు లేకుండా ప్రయాణం పెట్టుకోరాదు. అరగదీసిన పళ్ళు కొన్ని వారాలలోనే కదిలి, తయారైన బ్రిడ్జి కూర్చోదు. కొత్త సెట్టును ఊరికి బయలుదేరే ముందురోజు తీసుకోవడం మంచిది కాదు. కనీసం వారం వాడి, ఒరుసుకున్న చోట్లు సరిచేయించుకొని బయలుదేరాలి.

ఇంప్లాంటు వేయించుకున్నవారికి తయారీ సంస్థ పేరు, రకం, వ్యాసం, పొడవు, లాట్ సంఖ్య రాసిన కార్డు ఇస్తారు. ఒక్కో సంస్థ మరకు ఒక్కో రకం బిగింపు పరికరం కావాలి. పదవీ విరమణ చేసి విజయనగరం వెళ్ళిపోయిన వ్యక్తికి పదేళ్ళ తరువాత తొడుగు వదులైతే, ఆ కార్డు ఉంటే అక్కడి వైద్యుడు కొన్ని నిమిషాలలో బిగించగలడు. పింఛను కాగితాలు దాచిన ఫైలులోనే దానినీ ఉంచాలి. ఫోనులో ఒక ఫొటో తీసి పిల్లలకు పంపి ఉంచితే మరీ మంచిది.